సూచనల పుస్తకం మూసిన తరువాత: బొమ్మ ఇటుకలు నేర్పే పాఠం

పిల్లల చదువుకు సాయం చేసేవారికి ఒక సందేహం ఎప్పుడూ ఉంటుంది. ఏమిస్తే పిల్లవాడికి నిజంగా పనికొస్తుంది? పుస్తకాలు, బ్యాగు, యూనిఫారం, ఫీజు ఇవన్నీ అవసరమే. వాటిని కాదనేవారు లేరు. అదే జాబితాలో ఎవరైనా ఆటవస్తువు పేరు చేరిస్తే మాత్రం మన చేయి కాస్త వెనక్కి వెళుతుంది. ఆట కోసం విరాళం ఖర్చు చేయడమేమిటి అనిపిస్తుంది. ఆ సందేహం న్యాయమైనదే. అందుకే ఒక ఆటవస్తువును తీసుకుని, దానితో కొందరు మనుషులు ఏం చేశారో చూద్దాం. ఆ తరువాత నిర్ణయం దాతలైన మీకే వదిలేస్తాను.

ఆ ఆటవస్తువు ప్లాస్టిక్ ఇటుక. ఒకదాని మీద ఒకటి నొక్కితే అతుక్కుని, లాగితే ఊడివచ్చే చిన్న ఇటుక. లెగో అనే పేరుతో ప్రపంచమంతటా ప్రసిద్ధమైంది.

ఇటుక పుట్టుక

డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే ఊరు ఉంది. అక్కడ ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో చెక్క బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. 1934లో తన బొమ్మలకు లెగో అని పేరు పెట్టాడు. డేనిష్ భాషలో 'బాగా ఆడుకో' అని అర్థమిచ్చే రెండు మాటలను కుదించి చేసిన పేరది. బ్రిటన్‌లో హిల్లరీ పేజ్ అనే బొమ్మల తయారీదారు అప్పటికే ఒకదానికొకటి అమరే ప్లాస్టిక్ ఇటుక చేసి ఉన్నాడు. ఆ నమూనా చూసి లెగో వారు 1949లో తమ ఇటుక తెచ్చారు. కానీ అది గట్టిగా పట్టుకునేది కాదు. కట్టిన బొమ్మను ఎత్తితే విడిపోయేది.

ఆ లోపం తీరింది 1958లో. ఇటుక పైన బుడిపెలు ఉంటాయి కదా, లోపలి భాగంలో ఖాళీ గొట్టాలు కూడా పెట్టారు. కింది ఇటుక బుడిపెలు పై ఇటుక గోడకూ గొట్టానికీ మధ్య బిగుసుకుంటాయి. ఆ ఏడాది జనవరి 28న దానికి పేటెంటు దరఖాస్తు ఇచ్చారు. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకకు కూడా అతుకుతుంది. తాత ఆడుకున్న ఇటుకతో మనవడు తన ఇల్లు కట్టుకోవచ్చు. కొలత మారకపోవడమే దీని బలం.

ఇటుకలో దాగిన లెక్క

లెక్కల పాఠం చెప్పేవారికి ఈ కొలతలు చాలా సంతోషాన్నిస్తాయి. ఒక బుడిపె నుంచి పక్క బుడిపెకు దూరం 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. ఇటుక కంటే పలుచగా ఉండే పలక ఎత్తు 3.2 మిల్లీమీటర్లు. అంటే మూడు పలకలు ఒక ఇటుక. ఐదు పలకలు పేరిస్తే 16 మిల్లీమీటర్లు, సరిగ్గా రెండు బుడిపెల వెడల్పు. ఐదు ఇటుకలు పేరిస్తే 48 మిల్లీమీటర్లు, సరిగ్గా ఆరు బుడిపెల వెడల్పు. ఈ చిన్న సంబంధం తెలిసినవాడు ఇటుకను పక్కకు తిప్పి పెట్టినా సందు లేకుండా అమర్చగలడు.

ఇక ఎన్ని విధాలుగా కట్టవచ్చు? ఎనిమిది బుడిపెల ఇటుకలు రెండు తీసుకోండి. ఒకదాని మీద మరొకటి పెట్టడానికి 46 స్థానాలున్నాయి. తిప్పి చూస్తే ఒకటే అయ్యేవాటిని ఒక్కసారే లెక్కిస్తే 24 మిగులుతాయి. మూడు ఇటుకలైతే 1,060. ఆరు ఇటుకలైతే 91,51,03,765. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో సోరెన్ ఐలర్స్ అనే గణిత శాస్త్రవేత్త కంప్యూటరు సాయంతో ఈ సంఖ్య తేల్చాడు. అంతకు ముందు చాలా ఏళ్లు 10,29,81,500 అనే సంఖ్య ప్రచారంలో ఉండేది. అది ఆరు ఇటుకలను ఆరు అంతస్తులుగా ఒకదానిపై ఒకటి పేర్చే పద్ధతులను మాత్రమే లెక్కపెట్టింది. పక్కపక్కన పెట్టి కట్టేవాటిని వదిలేసింది.

మరి పెట్టెతో వచ్చే సూచనల పుస్తకం వీటిలో ఎన్ని చూపిస్తుంది? ఒకటి. మహా అయితే రెండు మూడు. మిగిలిన కోట్ల దారులు పిల్లవాడికే వదిలేసి ఉన్నాయి. ఈ వ్యాసంలో అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది.

సొంత నిర్మాణం అంటే

ఏ కంపెనీ పెట్టెలోనూ లేని నమూనాను తానే ఊహించి, తానే కట్టే అభిరుచి గలవారు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. వారిలో పెద్దవాళ్లూ ఎక్కువే. తాము కట్టినదాన్ని వారు 'మై ఓన్ క్రియేషన్' అంటారు. మన మాటల్లో 'నా సొంత నిర్మాణం'.

వారి పని చూస్తే ఇది కాలక్షేపం కాదని తెలుస్తుంది. ముందు దేన్ని కట్టాలో దాన్ని బాగా గమనిస్తారు. కొలత తగ్గించి లెక్క వేస్తారు. కావలసిన ముక్కలు పోగుచేస్తారు. కొంత కట్టి చూస్తారు. బరువుకు ఎక్కడ వంగుతుందో కనిపెట్టి, ఆ భాగం విప్పి మళ్లీ కడతారు. 1995లో జేమ్స్ జెస్సిమన్ అనే ఆస్ట్రేలియా యువకుడు ఇటుకలను కంప్యూటరు తెర మీద పేర్చి చూసుకునే ఎల్‌డ్రా అనే ప్రోగ్రామును తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. 1997లో చిన్న వయసులోనే మరణించాడు. అతడు వేసిన పునాది మీద మిగతా అభిరుచిగలవారు ఈనాటికీ పని చేస్తూనే ఉన్నారు.

అమెరికాలో ఒహాయో రాష్ట్రానికి చెందిన ఆర్థర్ గుగిక్ లెక్కల ఉపాధ్యాయుడు. తాజ్‌మహల్, జెరూసలేంలోని కుబ్బతుస్ సఖ్రా వంటి ప్రసిద్ధ కట్టడాలను ఇటుకలతో కట్టి పేరు తెచ్చుకున్నాడు. నలుపలకల ఇటుకతో గుండ్రని గుమ్మటం ఎలా వస్తుంది? మన తొమ్మిదో, పదో తరగతి పిల్లలకు తెలిసిన పైథాగరస్ సిద్ధాంతం చాలు. గుమ్మటం వ్యాసార్ధం పది బుడిపెలు అనుకుందాం. ఐదు ఇటుకల ఎత్తు అంటే ఆరు బుడిపెలు అని పైన చూశాం. 6, 8, 10 లంబకోణ త్రిభుజం భుజాలు కాబట్టి, ఆ ఎత్తులో వలయం వ్యాసార్ధం ఎనిమిది బుడిపెలు. ఇలా వరుస వరుసకూ లెక్క కట్టుకుంటూ పోతే గుమ్మటం దానంతట అదే మూసుకుంటుంది. నల్లబల్ల మీద ఈ సిద్ధాంతాన్ని కంఠస్థం చేసిన పిల్లవాడు మార్కులు తెచ్చుకుంటాడు. దానితో గుమ్మటం కట్టిన పిల్లవాడు ఆ సిద్ధాంతాన్ని ఎన్నటికీ మరవడు.

ఇలాంటి సొంత నిర్మాణాలను కంపెనీ కూడా గుర్తించింది. 2008లో జపాన్‌లో మొదలై ఇప్పుడు లెగో ఐడియాస్ అనే పేరుతో సాగుతున్న ఏర్పాటు ప్రకారం, ఎవరైనా తమ నమూనాను పంపవచ్చు. 10,000 మంది మద్దతిస్తే కంపెనీ పరిశీలిస్తుంది. ఆమోదిస్తే పెట్టెగా అమ్మి, నికర అమ్మకాల్లో 1 శాతం రూపకర్తకు ఇస్తుంది. ఎలెన్ కూయిమన్ అనే భూరసాయన శాస్త్రవేత్త, బొమ్మల్లో ఆడవాళ్లు శాస్త్రవేత్తలుగా ఎందుకు కనిపించరని ఆలోచించి ఒక నమూనా పంపారు. ఖగోళ శాస్త్రం, రసాయన శాస్త్రం, శిలాజాల అధ్యయనంలో పనిచేస్తున్న ముగ్గురు మహిళల బొమ్మలవి. 2014లో అవి మార్కెట్లోకి వచ్చి త్వరగా అమ్ముడైపోయాయి.

ఒక విరాళపు కరపత్రం

దాతలైన మీరు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఇది. అమెరికాలోని కాలిఫోర్నియాలో శాంటా క్లారా అనే ఊరిలో శుభం బెనర్జీ అనే ఏడో తరగతి విద్యార్థి ఉండేవాడు. వయసు 12. చూపు లేనివారికి సాయం చేయమని కోరే ఒక కరపత్రం వారి ఇంటికి వచ్చింది. ఇలాంటి కరపత్రాలు మన ఇళ్లకూ వస్తాయి. మనం చదువుతాం, తోచింది ఇస్తాం. ఆ పిల్లవాడు దాన్ని చూసి ఒక ప్రశ్న వేశాడు: "చూపు లేనివారు ఎలా చదువుతారు?" తల్లిదండ్రులు జవాబు చెప్పలేదు. నువ్వే వెతికి తెలుసుకో అన్నారు.

వెతికితే బ్రెయిలీ లిపి సంగతి తెలిసింది. ఆరు చుక్కల అమరికలో అక్షరాలన్నీ ఇమిడే లిపి అది. దాన్ని అచ్చువేసే ప్రింటరు ధర అప్పట్లో 2,000 డాలర్లు, ఆపైన అని కూడా తెలిసింది. తన దగ్గర మోటార్లు, సెన్సర్లు ఉన్న లెగో మైండ్‌స్టార్మ్స్ పెట్టె ఉంది. దాని ధర సుమారు 350 డాలర్లు. రోబో చేయడానికి ఇచ్చిన ఆ పెట్టెలోని ముక్కలతో, ఇంట్లో దొరికే చిన్నచిన్న సామగ్రితో కట్టి, విప్పి, మళ్లీ కట్టి, 2014లో కాగితం మీద బ్రెయిలీ చుక్కలు గుచ్చే యంత్రం తయారుచేశాడు. బ్రెయిలీ, లెగో రెండూ కలిపి దానికి బ్రెయిగో అని పేరు పెట్టాడు. తయారీ విధానాన్ని దాచుకోకుండా అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టాడు. తరువాత దాన్ని ఇంకా మెరుగుపరచడానికి ఇంటెల్ సంస్థ పెట్టుబడి కూడా పెట్టింది.

ఐరోపాలోని ఆండోరా అనే చిన్న దేశంలో డేవిడ్ అగిలార్ కుడి ముంజేయి లేకుండా పుట్టాడు. తొమ్మిదేళ్ల వయసులోనే ఇటుకలతో తనకొక చేయి చేసుకోవాలని ప్రయత్నించాడు. అది నిలవలేదు. 2017లో, పద్దెనిమిదేళ్లప్పుడు, హెలికాప్టరు కోసం అమ్మిన పెట్టెలోని ముక్కలతో మడవగలిగే, పట్టుకోగలిగే చేయి కట్టుకున్నాడు. పనిచేసే మొదటి లెగో కృత్రిమ చేయిగా గిన్నిస్ రికార్డుల్లోకి అది ఎక్కింది. ఆ తరువాత బార్సిలోనాలో బయో ఇంజనీరింగ్ చదివాడు.

ఈ రెండు సంగతుల్లోనూ పోలిక గమనించండి. పెట్టె మీద ఉన్న బొమ్మ ఒకటి, పిల్లవాడు కట్టింది వేరొకటి. పెట్టెలో ప్రింటరు లేదు, చేయి లేదు. ఉన్నవి విప్పి మళ్లీ కలపగల ముక్కలు. వాటికి తోడైంది ఒక అవసరం, ఒక ప్రశ్న, చేసుకోనిచ్చిన పెద్దలు.

విద్యాశాస్త్రం ఏమంటుంది

బి.ఇడి. చదివిన ప్రతి ఉపాధ్యాయుడికీ పియాజే పేరు తెలుసు. పిల్లవాడు ఖాళీ కుండ కాదు, తన అనుభవంతో తన జ్ఞానాన్ని తానే నిర్మించుకుంటాడని ఆయన చెప్పాడు. జెనీవాలో ఆయనతో కలిసి పనిచేసిన గణిత శాస్త్రవేత్త సేమూర్ పాపర్ట్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. చేతులతో ఒక వస్తువును కట్టి నలుగురికీ చూపించేటప్పుడు ఆ నిర్మాణం మరింత బలంగా జరుగుతుందన్నాడు. శుభం వాడిన పెట్టెకున్న మైండ్‌స్టార్మ్స్ పేరు, పాపర్ట్ 1980లో రాసిన పుస్తకం నుంచి తీసుకున్నదే.

సూచనలు చూసి కట్టడం తప్పు కాదు. చూచిరాత లేకుండా చేతిరాత కుదరదు. కానీ చూచిరాత దగ్గరే ఆగిపోయినవాడు సొంతంగా ఉత్తరం రాయలేడు. మన పాఠశాలల్లో చాలా మంది పిల్లలు అక్కడే ఆగిపోతున్నారు. పేద ఇంటి పిల్లవాడి విషయంలో ఇది ఇంకా ఎక్కువ. ఇచ్చింది పాడు చేస్తాడేమోనని వాడి చేతికి విప్పే వస్తువు ఎవరూ ఇవ్వరు. ఇచ్చినా అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తాం.

దాతలకు కొన్ని మాటలు

అసలు లెగో ఖరీదు ఎక్కువ. ప్రతి బడికీ అదే కొనాలని నేను చెప్పడం లేదు. ఏ ఇటుకలైనా సరే, మంచి పట్టు ఉన్నవి చూడండి. కొనే ముందు రెండు ముక్కలు నొక్కి ఎత్తి చూడండి. జారిపోకూడదు, పిల్లవాడి వేళ్లతో విడదీయలేనంత బిగుతుగానూ ఉండకూడదు. చిన్న ముక్కలు మూడేళ్లలోపు పిల్లల నోట్లోకి వెళ్లే ప్రమాదముంది కాబట్టి వారికి దూరంగా ఉంచాలి.

ఒకే కారో, ఒకే కోటో వచ్చే పెట్టె కంటే రకరకాల ముక్కలు కలిసిన పెద్ద డబ్బా మేలు. మీ ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లై వదిలేసిన ఇటుకలుంటే కడిగి ఇవ్వండి. ఎన్నేళ్లనాటివైనా పనికొస్తాయి. అసలు ఇటుకలే లేకపోతే అగ్గిపెట్టెలు, అట్టముక్కలు, సీసా మూతలతోనూ ఇదే పాఠం చెప్పవచ్చు. విప్పి మళ్లీ కట్టే సౌకర్యం కొంత తగ్గుతుంది, అంతే.

డబ్బాతో పాటు మూడు విషయాలు అడగండి. వారానికి ఒక పీరియడు. సగం కట్టినదాన్ని ఎవరూ కదపకుండా దాచే ఒక అర. ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానమైన వంతు. బహుమతుల రోజున బడికి వెళితే 'ఎవరిది అందంగా ఉంది' అని చూడకండి. పిల్లవాడి పక్కన కూర్చుని "ఇది ఎవరి కోసం కట్టావు నాన్నా? ఇక్కడ ఇలా ఎందుకు పెట్టావు?" అని అడగండి. ఆ జవాబు చెప్పడానికి వాడు ఎంత ఆలోచించి ఉంటాడో మీకే తెలుస్తుంది.

పిల్లలకు ఇవ్వదగిన మొదటి లెక్క కూడా ఒకటి సూచిస్తాను. ఎనిమిది బుడిపెల ఇటుకలు రెండు ఇచ్చి, ఎన్ని విధాలుగా కలపవచ్చో కాగితం మీద బొమ్మలు గీయమనండి. 24 అని ముందే చెప్పకండి. మొదటి రోజు తొమ్మిదో, పదో దొరుకుతాయి. మిగిలినవి వాళ్లే వెతుక్కుంటారు.