ఆటలో వచ్చే కోపం



కోపం అనగానే మనకు ఇంటి గొడవలు, గెట్టు పంచాయితీలు గుర్తుకు వస్తాయి. ఆటలో వచ్చే కోపాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

గోల్ఫ్ మన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఆడే ఆట కాదు. కాని కోపాన్ని అర్థం చేసుకోవడానికి అది మంచి పాఠం. బంతి కదలకుండా నేలమీదనే ఉంటుంది. దెబ్బ తప్పితే నిందించడానికి ఎవరూ దొరకరు. పైగా దెబ్బకూ దెబ్బకూ మధ్య చాలా దూరం నడవాలి. ఆ నడకలో కోపం ముదురుతుంది.

అమెరికాకు చెందిన బాబీ జోన్స్ 1921లో, 19 ఏళ్ల వయస్సులో, స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్‌లో బ్రిటిష్ ఓపెన్ ఆడారు. మూడవ రౌండులో ఆట చెడింది. పదకొండవ గుంత దగ్గర బంతిని చేతిలోకి తీసుకొని పోటీ నుండి తప్పుకున్నారు. అదే ఏడాది అమెరికాలో ఆయన విసిరిన కర్ర ఒక స్త్రీ కాలికి తగిలింది. అంతటి కోపిష్టి 1925 యు.ఎస్. ఓపెన్‌లో, తన బంతి కొద్దిగా కదిలిందని తానే చెప్పి, ఒక దెబ్బ అదనంగా వేయించుకున్నారు. అది లేకుంటే విజేత ఆయనే, ప్లేఆఫ్‌లో ఓడిపోయారు. 1927లో అదే సెయింట్ ఆండ్రూస్‌లో గెలిచారు. (ఆయన భార్య మేరీ కతోలికురాలు. 1971లో, మరణానికి కొద్ది రోజుల ముందు, ఆయన కూడా కతోలిక శ్రీసభలో చేరారు.)

కోపం బుద్ధి మాట కొంత వింటుంది గాని పూర్తిగా వినదని తత్వవేత్త అరిస్టాటిల్ అంటారు. యజమాని మాట ముగియకముందే పరుగెత్తి పని చెడగొట్టే సేవకునితో దానిని పోల్చారు. పునీత తోమాసు అక్వీనాసు గారు కూడా కోపమంతా పాపమని అనలేదు. బుద్ధికి లోబడిన కోపం మంచిదేనన్నారు. కనుక ఆ జీతగాన్ని వెళ్ళగొట్టనక్కరలేదు, మాట పూర్తయ్యేదాక గడప దగ్గర నిలబెడితే చాలు.

మీ ఇంటి క్యారమ్ బోర్డు దగ్గర గమనించండి. కాయిన్ తప్పగానే పిల్లవాని వేళ్లు బిగుసుకుంటాయి. తరువాత స్ట్రయికర్‌ను గట్టిగా కొడతాడు. కాయిన్ అంచుకు తగిలి వెనక్కి వస్తుంది. అప్పుడు తప్పంతా పౌడరుది! మొదటి తప్పు చేతిది, రెండవది మాత్రం కోపానిది. ఆ సమయంలో మీరు అరిస్తే ఇంకొక కోపం తోడవుతుంది. "వేళ్లు వదులు చేయి బిడ్డా, ఊపిరి విడువు, ఇప్పుడు కొట్టు" అని చెప్పండి.

ఇక యువకులారా, ఆదివారం పూజ తరువాత క్రికెట్‌లో ఒక్క రనౌట్ కోసం మాటలు మానుకుంటారు. సూర్యుడు అస్తమించేలోగా కోపం విడిచిపెట్టాలని పునీత పౌలు గారు ఎఫెసీయులకు వ్రాశారు (4:26). వచ్చే ఆదివారం దాక ఆగకండి. ఆ సాయంత్రమే అతని ఇంటికి పోయి, చాయ్ తాగి రండి.