టెంట్ సఫారీ: తగ్గిన డబ్బు ఎవరిది?

సెలవులయ్యాక కాలేజీకి వచ్చినప్పటి నుంచి అందరూ నన్ను అడిగింది ఒకటే. "ఆఫ్రికా సఫారీకి వెళ్ళొచ్చావంట, ఎన్ని లక్షలైందిరా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. ఈలోపు మన క్లబ్ వాళ్ళు "ఈసారి కవితలు బోలెడు వచ్చాయి, ఎవరైనా పనికొచ్చే వ్యాసం రాయండి బాబూ" అన్నారు. అందుకే అందరికీ కలిపి ఇక్కడ చెప్పేస్తున్నా. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం వాణ్ణి కాబట్టి, వ్యాకరణం దగ్గర కాస్త చూసీచూడనట్టు పోండి.

మా బాబాయి టాంజానియాలో, దారెస్సలాంలో అకౌంటెంట్. ఆయన లేకపోతే నాకీ ఆలోచనే వచ్చేది కాదు. విమానం టికెట్ నాన్న కొన్నారు. సఫారీ ఖర్చు మాత్రం అమ్మ చీటీ పాడిన డబ్బు, నేను రెండు షాపులకి వెబ్‌సైట్లు చేసిచ్చి సంపాదించింది కలిపి. కాబట్టి ప్రతి డాలరూ లెక్కే. నాలుగు పగళ్ళు, మూడు రాత్రులు. అరూషా ఊరి నుంచి టారంగిరే, సెరెంగెటి, ఎన్‌గోరోంగోరో చూసి మళ్ళీ అరూషాకి. పడుకోవడం టెంట్లలో, బండి ఆరుగురికి ఒకటి. ఇంతకన్నా చవగ్గా వెళ్ళే మార్గం మాకు కనపడలేదు.

ముందు ధర సంగతి, ఎందుకంటే నేను తప్పు చేసింది అక్కడే.

కంపెనీ వాళ్ళు మొదట మనిషికి 780 డాలర్లు చెప్పారు. నేను మూడు రోజులు వాట్సాప్‌లో వాయించి 700కి దించాను. కోఠీలో బేరమాడి పెరిగినవాణ్ణి, ఆ మాత్రం చెయ్యలేనా అని గర్వపడ్డాను కూడా. 780లో 80 అంటే పదో వంతు, పెద్ద విషయం కాదనిపిస్తుంది కదా? ఇప్పుడు లోపల ఏముందో చూడండి.

సెరెంగెటి నేషనల్ పార్క్‌లోకి వెళ్ళడానికి విదేశీయులకి 24 గంటలకి, పన్నుతో కలిపి, 80 డాలర్లకి కాస్త పైనే. ఎన్‌గోరోంగోరోకి 70 చిల్లర. అరూషా నుంచి సెరెంగెటికి మామూలుగా వెళ్ళే దారి ఎన్‌గోరోంగోరో మధ్యలోంచే. అందుకని దాటి పోయేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చి అక్కడ ఉండేటప్పుడు ఇంకోసారి ఆ ఫీజు కట్టాలి. అక్కడి క్రేటర్‌లోకి బండి దిగాలంటే బండికి దాదాపు 300 డాలర్లు, అది ఆరుగురూ పంచుకోవాలి. పార్కుల లోపల టెంట్ వేసుకునే చోటికి మనిషికి రాత్రికి 35 దాకా. టారంగిరేకి 60 దగ్గర. అన్నీ కలిపితే నా ఒక్కడి వాటాయే 400 డాలర్లు. (బాబాయికి అక్కడి రెసిడెంట్ పర్మిట్ ఉంది, ఆయనకి తక్కువ. ఇక్కడ నా లెక్కే చెప్తున్నా. ఈ ఫీజులు మారుతుంటాయి, వెళ్ళే ముందు ప్రభుత్వ సైట్లో చూసుకోండి.)

ఈ 400 ప్రభుత్వానిది, దాన్ని ఎవరూ తగ్గించలేరు. లగ్జరీ లాడ్జిలో దిగి రాత్రికి వెయ్యి డాలర్లు ఇచ్చేవాడూ గేటు దగ్గర అదే ప్రవేశ రుసుము కడతాడు, టెంట్‌లో పడుకునేవాడూ అదే కడతాడు. మన భాషలో ఇది కాన్‌స్టెంట్. మిగిలిన 380లోనే డీజిల్, బండి, తిండి, టెంట్లు, డ్రైవర్, వంటమనిషి, ఆఫీసు లాభం. అంటే నేను తగ్గించింది 780లో పదో వంతు కాదు, 380లో ఐదో వంతుకి పైనే. డీజిల్ బంకువాడు నాతో బేరమాడడు. మరి ఆ 80 ఎక్కడ తగ్గింది?

జవాబు మొదటి రోజు పొద్దున్నే దొరికింది, కానీ నాకు అర్థం కాలేదు. వంటమనిషి కూడా వస్తాడని మెసేజ్‌లో రాసిన కంపెనీ, అరూషాలో బండి ఎక్కేటప్పుడు "డ్రైవరే వండుతాడు, చాలా బాగా వండుతాడు" అంది. నేను సరే అనుకుని ఫోన్‌లో పాటలు పెట్టుకున్నా.

డ్రైవర్‌ని బాబాయి "కాకా" అని పిలిచారు. స్వాహిలీలో కాకా అంటే అన్న. మన తెలంగాణలో కాక అంటే బాబాయి కదా, నాకు నవ్వొచ్చింది. దారంతా ఇదే ఆట. వాళ్ళు బండిని "గారి" అంటారు, అది మన దేశం నుంచి వెళ్ళిన గాడీయే. చాయ్‌ని చాయ్ అనే అంటారు, చపాతీని చపాతీ అనే. సఫారీ అంటే ఉత్త ప్రయాణమే, హైదరాబాదీ ఉర్దూలో సఫర్ అంటామే, ఆ అరబ్బీ మాటే. మా కాకా భాషలో అయితే కూరగాయల కోసం పక్క ఊరికి వెళ్ళినా సఫారీయే.

టారంగిరే గురించి రెండే ముక్కలు. ఒకటి, బావోబాబ్ చెట్లు. గోల్కొండ నయా ఖిల్లాలో హతియాన్ చెట్టు చూశారు కదా, లోపల మనుషులు దూరేంత లావు కాండం ఉన్నది? ఆ జాతి చెట్లు ఇక్కడ సొంత ఊళ్ళో ఉన్నాయి. ఏనుగులు నీటి తడి కోసం బెరడు చీల్చి తింటాయి, ప్రతి చెట్టు కాండం మీదా ఆ గాయాలు కనిపిస్తాయి. రెండోది సెట్సీ ఈగ. దానికి నీలం, నలుపు రంగులంటే ప్రాణం. దాన్ని పట్టే ఉచ్చులు కూడా ఆ రంగు గుడ్డలతోనే చేస్తారు. నేను వేసుకుంది బ్లూ జీన్స్. సూది గుచ్చినట్టు కుడుతుంది, బట్టలోంచి కూడా. ఖాకీయో, మట్టి రంగో వేసుకెళ్ళండి.

ఇక టెంట్‌లో పడుకోవడం. సెరెంగెటి నడిమధ్య సెరోనెరా అనే చోట పబ్లిక్ క్యాంప్‌సైట్లు ఉన్నాయి. ఓ గడ్డి మైదానం, టాయిలెట్లు, వంటకి ఒక షెడ్డు, అంతే. చుట్టూ కంచె లేదు! అసలు కంచె లేదని నాకు అక్కడికెళ్ళేదాకా తెలీదు. వంట షెడ్డుకి మాత్రం ఇనప జాలీ ఉంది. బయట జంతువులు తిరుగుతుంటే జాలీ వెనకాల మనుషులు కూర్చుని అన్నం తింటారు, జూ తిరగేసినట్టు. తినేవి ఏవీ టెంట్‌లో పెట్టుకోకూడదు. అమ్మ కట్టిచ్చిన ఆవకాయ సీసా కూడా షెడ్డులోనే పెట్టించాడు కాకా. ఆయన ఉగాలి వండాడు, మొక్కజొన్న పిండితో మన సంకటి లాంటిది, చేత్తోనే ముద్దలు చేసుకుని తింటారు. దాంట్లో ఆవకాయ నంజుకుని, కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా ఇంకోసారి వేయించుకున్నాడు.

రాత్రి జిప్ వేసుకున్నాక పొద్దున దాకా టెంట్ దాటకూడదు. మూసి ఉన్న టెంట్ జోలికి సింహం మామూలుగా రాదు, దానికి అదొక పెద్ద రాయి లాంటిది. చీకట్లో బయట నడిచే మనిషి అలా కాదు. కాబట్టి రాత్రి ఏడు దాటాక నీళ్ళు తక్కువ తాగండి, నా మాట వినండి. చెప్పులు కూడా లోపలే పెట్టుకోవాలి, హైనాలు తోలు వస్తువులు ఎత్తుకుపోతాయట. ఆ రాత్రి హైనాల అరుపు విన్నాను. సినిమాల్లోలా నవ్వు కాదు, కింది నుంచి పైకి లేచే ఒక "ఊఊఊప్". తెల్లవారుజామున ఎక్కడో సింహం. గర్జన అనే మాట సరిపోదు, ఆ శబ్దం చెవికి కాదు, కింద పరుచుకున్న చాపకి వినిపించినట్టు ఉంటుంది. లాడ్జి గోడ వెనక ఇది దొరకదని నా నమ్మకం, ఎందుకంటే నేను లాడ్జిలో ఉండలేదు.

అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చి చూస్తే వంట షెడ్డులో ఇంకా దీపం ఉంది. కాకా గిన్నెలు తోముతున్నాడు. పొద్దున ఐదున్నరకే బండి స్టార్ట్ చేసింది కూడా ఆయనే.

మూడో రోజు పొద్దున్న బాగా కలిసొచ్చింది. జూన్ కాబట్టి వైల్డ్‌బీస్ట్‌లు దక్షిణం మైదానాలు వదిలి పడమరకీ ఉత్తరానికీ నడుస్తున్నాయి. మొత్తం పది లక్షలకి పైనే ఉంటాయి, మాకు కనిపించింది ఒక తోక మాత్రమే. ఆ తోక దాటడానికే బండి ఇరవై నిమిషాలు ఆగింది. ఒక చిరుతపులి, మూడు సింహాలు కూడా చూశాం. ఫొటోలు ఇన్‌స్టాలో ఉన్నాయి, ఇక్కడ వర్ణించను.

ఇప్పుడు అసలు విషయం. ముందురోజు మేము నాబీ హిల్ గేటు దగ్గర లోపలికి వచ్చింది మధ్యాహ్నం ఒకటిన్నరకి. పర్మిట్ 24 గంటలకి. అంటే ఒకటిన్నర లోపు అదే గేటు దాటాలి, లేకపోతే ఇంకో రోజు ఫీజు. మాకు ఇంకా ముప్పై కిలోమీటర్లు ఉండగా టైరు పంక్చర్. పన్నెండూ పది. ఆ రోడ్డు రేకు మీద గీతల్లా గతుకులు, చుట్టూ చెట్టన్నది లేదు. అందరినీ బండి దగ్గరే ఉండమన్నాడు కాకా, ఎందుకో అడగలేదు. బాబాయి, నేను జాకీ పట్టుకున్నాం. స్టెప్నీ దించి చూస్తే నున్నగా ఉంది, గీత అన్నది లేదు. బాబాయి దాన్ని చేత్తో తడిమి నా వైపు చూశారు గానీ ఏమీ అనలేదు.

టైరు మార్చేసరికి పన్నెండూ నలభై. పార్కులో వేగ పరిమితి గంటకి 50 కిలోమీటర్లు. బోడి టైరుతో, అదే వేగంతో, ఆ గతుకుల్లో వెళ్ళాం. నేను స్పీడోమీటర్ తప్ప ఇంకేం చూడలేదు. సింహం దగ్గర భయపడలేదు గానీ, అక్కడ భయపడ్డాను. కాకా రెండుసార్లు మొహం మీద నీళ్ళు చల్లుకున్నాడు. గేటు దగ్గరికి వచ్చేసరికి ఒకటీ ఇరవై రెండు. అప్పుడు చూశాను, ఆయన చేతులు వణుకుతున్నాయి.

ఆ సాయంత్రం ఎన్‌గోరోంగోరో క్రేటర్ అంచు మీద సింబా క్యాంప్‌సైట్. సముద్రమట్టానికి 2,300 మీటర్ల ఎత్తు. ఆఫ్రికా అంటే వేడి అనుకుని స్వెటర్ తీసుకెళ్ళకపోతే ఏమవుతుందో నన్నడగండి. అంచు మీద ఒక సమాధి ఉంది. బెర్న్‌హార్డ్ గ్రిజ్‌మెక్ అనే జర్మన్ శాస్త్రవేత్త, ఆయన కొడుకు మైకేల్ కలిసి 1950ల చివర్లో జీబ్రా చారలు వేసిన చిన్న విమానంలో తిరుగుతూ సెరెంగెటి జంతువుల్ని లెక్కపెట్టారు. 1959లో ఆ విమానం కూలి మైకేల్ చనిపోయాడు. అదే సంవత్సరం సెరెంగెటి లోపల పశువులు మేపుకుంటూ బతికే మాసాయిలని పార్కులోంచి పంపించి, ఎన్‌గోరోంగోరో ప్రాంతాన్ని వేరు చేసి అక్కడ ఉండమన్నారు. సెరెంగెటి అనే పేరు కూడా వాళ్ళ భాషదే, అంతు లేని మైదానం అని. పేరు ఉండిపోయింది, వాళ్ళని పంపేశారు. నల్లమల చెంచుల గురించి చదివినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. మా కాకా మాసాయి. ఆ సమాధి దగ్గర మేము దిగాం, ఆయన దిగలేదు.

రాత్రి చలికి బండి పక్కన చేరి టీ తాగుతుంటే బాబాయి స్వాహిలీలో మెల్లగా అడిగి, నాకు తెలుగులో చెప్పారు. ఈ ట్రిప్పుకి ధర తగ్గించాం, వంటమనిషిని పంపట్లేదు, నీ రోజు కూలీలో కూడా నాలుగో వంతు కోత అన్నారట ఆఫీసు వాళ్ళు. వద్దంటే ఇంకొకడు రెడీగా ఉన్నాడు. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, టూరిస్టులు తక్కువ, ఆయనకి ఆ నెలల్లో పని లేదు. ఉద్యోగం నెల జీతానికి కాదు, ట్రిప్పు లెక్కన. గేటు ఆలస్యమై ఉంటే ఆరుగురి ఫీజూ ఆయన దగ్గరే పట్టుకునేవాళ్ళట. అందుకే ఆ చేతులు. బాబాయి చివర్లో అన్నారు, "నువ్వు ఒక్కడివే కాదులేరా, మిగతా నలుగురూ బేరమాడినవాళ్ళే." ఓదార్చడానికే అన్నారు. నేను లెక్క వేసుకుంటూ కూర్చున్నా.

నాలుగో రోజు క్రేటర్ గురించి త్వరగా చెప్పేస్తా. 600 మీటర్లు కిందికి దిగాలి, అడుగున 260 చదరపు కిలోమీటర్లు. గోడల్లాంటి ఆ వాలు దిగలేవనో ఏమో, జిరాఫీలు అక్కడ ఉండవు. ఏనుగుల్లో కూడా ఎక్కువగా ముసలి మగవే. ఖడ్గమృగం బైనాక్యులర్స్‌లో ఒక నల్ల చుక్క.

మీలో ఎవరైనా వెళ్తే నేను అడగని ప్రశ్నలు అడగండి. వంటమనిషి వేరే వస్తాడా, పేరు రాసివ్వండి. బండి టైర్ల ఫొటో, స్టెప్నీతో సహా, పంపండి. డ్రైవర్‌కి రోజుకి ఎంత ఇస్తారు? ఏ రోజు ఏ గేటు ఎన్నింటికి దాటాలి? రెండు కంపెనీల ధరలు పోల్చేటప్పుడు ముందు ప్రభుత్వ ఫీజులు తీసేసి, మిగిలినదాన్నే పోల్చండి. ఆ మిగిలినది మరీ చిన్నగా ఉంటే వద్దనండి. డబ్బు తగ్గాలంటే ఒక పార్కు తగ్గించుకోండి, ఒక రాత్రి తగ్గించుకోండి. కెన్యా మీదుగా వెళ్ళేవాళ్ళు ఎల్లో ఫీవర్ టీకా పది రోజుల ముందే వేయించుకుని సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి, లేకపోతే మన ఎయిర్‌పోర్టులోనే ఆపుతారు.

అరూషాలో దిగేటప్పుడు నేను తగ్గించిన 80 డాలర్లూ కవర్లో పెట్టి కాకాకి ఇచ్చాను. బాబాయి తన వంతు వేరే ఇచ్చారు. ఆయన లెక్కపెట్టుకుని, చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, ఒక్కటే అడిగాడు. రివ్యూలో తన పేరు రాయమని. ఆఫీసు అవి చూసే తర్వాతి ట్రిప్పులు ఇస్తుందట.

పేరు రాశాను, ఐదు స్టార్లు ఇచ్చాను. టైరు గురించి కూడా ఒక పేరా రాశాను. అది రాయకపోతే ఆ బండిలో రేపు ఇంకో ఆరుగురు ఎక్కుతారు. రాస్తే ఆఫీసు కొత్త టైరు కొంటుందా, లేక టూరిస్టుకి స్టెప్నీ ఎందుకు చూపించావని కాకాని మానిపిస్తుందా? నెలన్నర అయింది, ఆ పేరా ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉంది.