రాజశేఖరానికి తోక మొలిస్తే

అమ్మాయిలూ, ఈసారి మన ముచ్చట డ్రాగన్ల గురించి. నవ్వకండి, మా కపిలేశ్వరపురంలో వీటిమీద ఇప్పటికే రెండు జట్లయ్యాయి. మా మేనకోడలు ఫోన్లో ఇంగ్లీషు నవలలు చదువుతుంది. సాయంత్రం అరుగు మీద కూర్చుని మాకు తెలుగులో చెబుతుంది. ఆ రచయిత్రి పేరు కేటీ మెకాలిస్టర్. 2004లో ‘యూ స్లే మీ’తో మొదలైన ఐస్లింగ్ గ్రే కథ, 2007లో ‘హోలీ స్మోక్స్’ దాకా నాలుగు నవలలు నడిచింది.

బంగారంతో చేసిన డ్రాగన్ ఆకారపు పాత్ర ఒకటి పారిస్‌లో ఒకావిడకి అప్పజెప్పాలని అమెరికా నుంచి వెళ్తుంది ఐస్లింగ్. తీరా వెళ్ళేసరికి ఆవిడ హత్యయి ఉంటుంది. అక్కడే డ్రేక్ అనే అందగాడు తగులుతాడు. వాడు ఆ పాత్ర కాస్తా పట్టుకుపోతాడు! మనిషి రూపంలో తిరిగే డ్రాగన్ వాడు, పచ్చ డ్రాగన్లకి పెద్ద. బంగారం కనబడితే ఒళ్ళు తెలీదు.

ఇంతవరకూ విని మా పెద్దొదిన తేల్చేసింది: “వీడెవడే, మన ‘సెక్రటరీ’ నవల్లో రాజశేఖరమే. తోకొక్కటే ఎక్కువ.” యద్దనపూడి సులోచనారాణి నవలలతో పెరిగిన మనిషి మరి. ఆస్తి, పొగరు, కోపం వెనకాల ప్రేమ... లెక్క సరిపోయిందంటుంది. మేనకోడలు ఒప్పుకోదు. “ఆ నవల్లో హీరోయిన్ జయంతిలా లోలోపల కుమలదత్తా, ఐస్లింగ్ మొహమ్మీదే అడిగేస్తుంది.” “జయంతికి నోరు లేదని ఎవరు చెప్పారే నీకు?” అని వదిన లేచింది. ఆ పూట డ్రాగన్ల కథ అక్కడే ఆగిపోయింది.

నా మాట అడిగితే, డ్రేక్ పెత్తనం నాకూ నచ్చలేదు. డ్రాగనయితే మాత్రం, నీకు జతనని చెప్పి అడుగడుక్కీ శాసించడమేంటి? రచయిత్రి అక్కడల్లా ఓ జోకు వేసి దాటేసింది.

కానీ జోకులు వేయడం మాత్రం ఆవిడకి తెలుసు. జిమ్ అని ఒక దయ్యం ఉంది, నల్లటి పెద్ద న్యూఫౌండ్లాండ్ కుక్క రూపంలో ఐస్లింగ్ వెంట తిరుగుతుంది. ప్రాణాలమీదికొచ్చిన వేళ కూడా దానికి తిండిగోలే. ఎదురింటి పిన్నిగారికి ఇది బొత్తిగా గిట్టలేదు, శవమున్న చోట ఇకఇకలేంటని. నేనేమో మా ఊళ్ళో శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల పిల్లల కథలు విన్నదాన్ని. అక్కడ రుక్మిణి కృష్ణుడి కబురు కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తుంటే, కథ చెప్పే పిల్ల చిడతలు ఆపి, నవ్వుతూ ఓ పిట్టకథ ఎత్తుకుంటుంది. జనం పడీపడీ నవ్వుతారు. ఆ నవ్వు సద్దుమణగకుండానే మళ్ళీ రుక్మిణిని పట్టుకుంటుంది. అప్పుడు చూడండి కళ్ళనీళ్ళు! జిమ్ పని కూడా అదే. కాకపోతే ఒక్కోచోట పిట్టకథే కథను మింగేసింది, పిన్నిగారి మాటలో ఆ పాటి నిజముంది.

మా మామ్మయితే అసలు డ్రాగన్లెందుకంది. “ఉలూపి లేదుటే?” గంగలో స్నానానికి దిగిన అర్జునుణ్ణి ఆ నాగకన్య నీళ్ళలోకి లాక్కుపోయింది. అతను బ్రహ్మచర్య వ్రతమన్నాడు. ఆ నియమం ద్రౌపది విషయంలో పెట్టుకున్నది, నాకు వర్తించదు, నా ప్రాణం కాపాడటం నీకు ధర్మం అని ఒప్పించి మరీ గెలిచింది. మామ్మ ఇది చెబుతున్నంతసేపూ మేనకోడలు ఫోను పక్కనపెట్టి నోరు తెరుచుకుని వింది!

ఇక 2008లో వచ్చిన ‘ప్లేయింగ్ విత్ ఫైర్’ మొదలెట్టాలి. అందులో వెండి డ్రాగన్ల పెద్ద గేబ్రియల్ హీరో. డ్రేక్ కంటే మెత్తనివాడట. వదిన అప్పుడే పెదవి విరిచింది, పొగరు లేని హీరో కోసం పొయ్యి మీద పాలు వదిలేసి రావడమెందుకని.