పట్టాకే పుట్టిన నెల ఉంటుంది

జాముల్

చిరంజీవి బాబుకి,

నీ ఉత్తరం అందింది. అంతకుముందే మీ అమ్మ ఫోన్‌లో కళ్లనీళ్లు పెట్టుకుంది. జీతమంతా పాత రైల్వే టైమ్‌టేబుళ్లకే పోస్తున్నావట, మంచం వరండాలోకి చేరిందట. రైళ్ల పిచ్చి మన ఇంట్లో కొత్తది కాదు, దానికి నిన్నేమీ అనను. నువ్వు పంపిన ఫొటోలు చూశాకే నాకు దిగులు పట్టుకుంది. అన్నీ అట్టపెట్టెల్లో గుట్టలు. ఏది ఎక్కడ దొరికిందో, ఏ ఏటిదో ఒక్క చీటీ లేదు. అది లైబ్రరీ కాదు నాన్నా, సామాను.

నేను రైల్ మిల్లులో చేరిన కొత్తలో మా ఫోర్‌మన్ చల్లారిన పట్టా పక్కన కూర్చోబెట్టి, దాని మీది ఉబ్బెత్తు అక్షరాలు వేలితో తడిమి చదవమన్నాడు. పట్టా సైజు, ఉక్కు రకం, మిల్లు గుర్తు, తయారైన నెల, ఏడు. ఇంకా, ఏ విడత పోసిన ఉక్కో చెప్పే నంబరు. ఏళ్ల తర్వాత ఎక్కడో ఆ పట్టా విరిగినా, ఆ గుర్తుల్ని పట్టుకుని మా మిల్లుదాకా ఆరా తీస్తారు. మా జాముల్ సిమెంటు బస్తా మీద కూడా తయారైన వారం ఉంటుంది. నీ పుస్తకాలకు ఆపాటి గుర్తు ఉండొద్దా?

చెప్పానుగా, ఈ పిచ్చి కొత్తది కాదు. మీ తాత నన్ను పార్వతీపురంలో రైలెక్కించి, దారి పొడుగునా టైమ్‌టేబులు ఒళ్లో పెట్టుకుని స్టేషన్ల పేర్లు అప్పజెప్పించేవాడు. రాయపూర్ దాకా ఆ లైను 1931లో పూర్తయింది. ఆ కొండలు, ఆ సొరంగాలు! నీకు పెళ్లయ్యాక ఇద్దరూ పగటి బండిలోనే రండి, చూడాలి.

ఏడు ఎందుకు రాయాలంటావా, ఒక్క మా దుర్గ్ స్టేషన్ సంగతే చూడు. ముందు బెంగాల్ నాగపూర్ రైల్వే కింద ఉండేది. 1952లో తూర్పు రైల్వే, 1955లో ఆగ్నేయ రైల్వే, 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే. అట్ట ఊడిన టైమ్‌టేబులు మీద ఏడు రాసి లేకపోతే, రేపు చదివేవాడు ఏ కాలం బండి వెంట పోతాడు?

సేకరణంటే ఎలా ఉండాలో విను. అమెరికాలో జాన్ బారిగర్ అని ఒకాయన ఉండేవాడు. జీవితమంతా రైళ్లే. 1946లో మోనాన్ రైల్వేకి ప్రెసిడెంటయ్యాడు. ఎక్కిన బండిలోంచే ఫొటోలు తీసేవాడు, పుస్తకాలూ కాగితాలూ పోగేసేవాడు. 1976లో పోయాడు. ఆ సేకరణ సెయింట్ లూయిస్‌లోని మర్కంటైల్ లైబ్రరీకి చేరింది. ఇప్పుడక్కడ ఆయన పేరుతోనే రైల్వే గ్రంథాలయం ఉంది, పరిశోధకులు వెళ్లి చదువుకుంటారు. నీ గదీ అలా పదిమందికీ పనికి రావాలి.

అందుకని వివరాలు రాసి పెట్టు, పెన్నుతో కాదు, పెన్సిల్‌తో. ప్రతి పుస్తకం వెనక అట్ట లోపల ఎక్కడ కొన్నావో, ఎప్పుడు కొన్నావో, ఎవరిచ్చారో. సెలోటేపు అంటించకు, పసుపు మరక పడుతుంది. బైండింగువాడు అంచులు కోస్తానంటే ఒప్పుకోకు. పెట్టెలు నేలమీద ఉంచితే చెదలు వదలవు. పుస్తకాలకు సగం జీతం చాలు, మిగతాది అమ్మ చేతికివ్వు. వేళకి తిను. చిక్కిపోయావు. మీ పెద్దమ్మ ఆవకాయ పంపుతోంది.

ఈ ఆదివారమే పొడుగు రిజిస్టరు ఒకటి కొని పుస్తకాల జాబితా మొదలుపెట్టు. మొదటి పేజీ నిండగానే నాకు పంపు. మంచం మాత్రం ఈ రాత్రికే లోపల వేసుకో.

ఇట్లు,
మీ పెదనాన్న