ముప్ఫై నిండకముందే మంత్రి: బెజవాడ గోపాలరెడ్డి చదువు చెప్పే పాఠం



పెద్దయ్యాక ఏమవుతావని అడిగినప్పుడు పిల్లలు డాక్టర్, ఇంజినీర్, కలెక్టర్ అంటే మనం మురిసిపోతాం. ‘రాజకీయాల్లోకి వెళ్తాను’ అంటే మాత్రం నవ్వి మాట మార్చేస్తాం, లేదా ‘ముందు మార్కులు తెచ్చుకో’ అంటాం. మన భయాలకు కారణాలు లేకపోలేదు. కానీ హైస్కూల్ సోషల్ పుస్తకంలో పిల్లలు చదివే స్వాతంత్ర్యోద్యమం, ఎన్నికలు, ప్రభుత్వం అన్నీ రాజకీయాలే. ఆ పాఠాలు సులువుగా అర్థం కావడానికి ఈ నెల ఒక తెలుగువారి గురించి తెలుసుకుందాం.

డిగ్రీకి గుర్తింపు లేని చదువు

బెజవాడ గోపాలరెడ్డి 1907 ఆగస్టు 5న నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెంలో పుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి ఆయనకు పదకొండేళ్లు. రెండేళ్లకే గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపునిచ్చారు. ప్రభుత్వ బడులు వదిలి జాతీయ విద్యాలయాల్లో చేరమన్నారు. అలాంటి విద్యాలయం మన ఉమ్మడి కృష్ణా జిల్లాలోనూ ఉండేది. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలను 1910లోనే కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి స్థాపించారు.

గోపాలరెడ్డి ఉన్నత చదువు శాంతినికేతన్‌లో, రవీంద్రనాథ్ ఠాగూర్ నెలకొల్పిన విశ్వభారతిలో సాగింది. ఆ రోజుల్లో దానికి ప్రభుత్వం గుర్తించిన యూనివర్సిటీ హోదా లేదు. అది వచ్చింది 1951లో. ‘ఈ చదువుతో ఉద్యోగం వస్తుందా?’ అని నాటి పెద్దలూ అడిగే ఉంటారు. అక్కడ ఆయన బెంగాలీ నేర్చుకుని, ఠాగూర్ సాహిత్యాన్ని మూలంలోనే చదివారు. తర్వాతి కాలంలో ఠాగూర్ రచనలు ఎన్నింటినో తెలుగులోకి తెచ్చారు. చదువు తర్వాత స్వాతంత్ర్యోద్యమంలో దిగి జైలుకూ వెళ్లారు.

1937: పది మందిలో ఒకరు

1935 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం 1937లో రాష్ట్రాల శాసనసభలకు ఎన్నికలు జరిగాయి. అప్పుడు మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అక్కడి శాసనసభలో 215 సీట్లకు గాను కాంగ్రెస్ 159 గెలిచింది. ఆ జూలైలో రాజాజీ నాయకత్వంలో పది మందితో మంత్రివర్గం ఏర్పడింది. అందులో టంగుటూరి ప్రకాశం రెవెన్యూ మంత్రి, వి.వి. గిరి కార్మిక, పరిశ్రమల మంత్రి. వారి పక్కన గోపాలరెడ్డి స్థానిక పాలన మంత్రి. అప్పటికి ఆయనకు ముప్ఫై నిండడానికి ఇంకా మూడు వారాలుంది.

స్థానిక పాలన అంటే జిల్లా బోర్డులు, మునిసిపాలిటీలు, పంచాయతీలు. ఊరి రోడ్డు, వీధి దీపం, తాగునీరు లాంటి పనులు ఈ సంస్థల కిందికే వస్తాయి. ఇది చిన్న శాఖ కాదని మన మండలంలో ఎవరికీ విడిగా చెప్పక్కర్లేదు. ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో చూస్తూనే ఉన్నాం. మంచి తాగునీరు ఇంటిదాకా ఎవరు తేవాలి, డబ్బు ఎక్కడి నుంచి రావాలి, పని ఆగితే ఎవరిని అడగాలి అన్నవి రాజకీయ ప్రశ్నలే. మన పిల్లలు డాక్టర్లయినా ఇంజినీర్లయినా ఈ ప్రశ్నలు వాళ్లకు తప్పవు.

ఆ మంత్రివర్గానికి అందరి మెప్పూ దక్కలేదు. బడుల్లో హిందీని తప్పనిసరి చేసినప్పుడు తమిళ ప్రాంతంలో పెద్ద ఆందోళన జరిగింది. 1939 సెప్టెంబరులో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. భారతీయ నాయకులను సంప్రదించకుండానే వైస్రాయ్ మన దేశాన్ని యుద్ధంలోకి దించారు. అందుకు నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మద్రాసు మంత్రివర్గం అక్టోబరు నెలాఖరున తప్పుకుంది. ముప్ఫై రెండేళ్ల వయసులో గోపాలరెడ్డి కూడా పదవి వదిలి బయటకు వచ్చారు.

తర్వాత 1955 మార్చి నుంచి ఆంధ్రప్రదేశ్ ఏర్పడేదాకా కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా, 1967 నుంచి 1972 వరకు ఉత్తరప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీకి అధ్యక్షత వహించారు. 1997లో కన్నుమూశారు.

మనం గమనించాల్సింది

1937లో ఓటు అందరికీ లేదు. ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలు చూసేవారు. జనాభాలో సుమారు పదో వంతు మందికే ఓటు దక్కింది. మన తాతల్లో, ముత్తాతల్లో చాలామంది పేర్లు ఆ జాబితాలో ఉండే అవకాశమే లేదు. ఈ రోజు తొమ్మిదో తరగతిలో ఉన్న మీ అమ్మాయికో అబ్బాయికో నాలుగేళ్లలో ఓటు వస్తుంది. ఆస్తి ఎంత, ఏం చదివావు అని ఎవరూ అడగరు. ఓటు ఎలాగూ వస్తుంది, దాన్ని వాడే తెలివి మాత్రం ఇంట్లో, బడిలో నేర్పితేనే వస్తుంది. ‘రాజకీయాలు మనకెందుకు’ అని పెంచితే, వాళ్లు నేర్చుకునేది గోడ మీది పోస్టర్ల నుంచి, ఫోన్‌కు వచ్చే వీడియోల నుంచే.

గోపాలరెడ్డి అందరికీ నమూనా అని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఇంకో భాష నేర్చుకోవడం, పుస్తకాలు చదవడం, అవసరమైతే పదవి వదులుకోవడం రాజకీయాల్లోనూ సాధ్యమేనని పిల్లలకు తెలిస్తే చాలు.

ఈ నెల ఇంట్లో చేయించండి

1. మన వార్డు సభ్యులు, సర్పంచ్, ఎమ్మెల్యే, ఎంపీ ఎవరో, ఒక్కొక్కరి పని ఏమిటో పిల్లలతో రాయించండి.
2. మీ ఇంటికి తాగునీరు ఎక్కడి నుంచి వస్తోందో, ఆ పని ఎవరి బాధ్యతో కనుక్కోమనండి.
3. తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మ మొదటిసారి ఓటు ఎప్పుడు వేశారో అడిగి రాసుకోమనండి.
4. ‘నువ్వే స్థానిక పాలన మంత్రివైతే మన ఊరికి మొదట ఏం చేస్తావు?’ అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో సరిదిద్దకుండా వినండి.

రాసినవి సోషల్ టీచర్‌కు చూపిస్తే క్లాసులో చర్చకు పనికొస్తాయి. వీటికి మార్కులు ఉండవు.