కొత్త కంప్యూటర్‌కు జ్వరం ఎందుకొస్తుంది?

(సైన్సు మూల: అందరూ చదవండి, చదివి పక్కవాళ్లకు చెప్పండి)



జ్వరమొస్తే మనిషి మంచం పడతాడు. కంప్యూటర్‌కు వేడెక్కినా అంతే. మొదట నెమ్మదిస్తుంది, తర్వాత ఆగిపోతుంది. పాత కంప్యూటర్‌కు దుమ్ము పట్టి ఇట్లా అయితే అర్థముంది. కానీ నిన్న మొన్న విడి భాగాలు కొని బిగించిన కంప్యూటర్ ఆట మొదలుపెట్టిన రెండు నిమిషాలకే ఎందుకు ఆగుతున్నది?

ఈ ప్రశ్న చిన్నది కాదు. ఆటలు ఆడే కంప్యూటర్ కొనాలంటే యాభై, అరవై వేలు అవుతుంది. మన ఇండ్లల్లో అది పత్తి అమ్మిన పైసలు. "ప్రాసెసర్ పోయింది, కొత్తది వెయ్యాలె" అని ఎవరో ఒక్క మాటంటే ఇంకో పదిహేను వేలు పోతాయి. నిజానికి చాలాసార్లు ప్రాసెసర్‌కు ఏమీ కాదు. అందుకే కారణం తెలుసుకునే పద్ధతి నేర్చుకుందాం.

వేడి ఎక్కడి నుండి వస్తుంది?

ప్రాసెసర్ అంటే కంప్యూటర్ మెదడు. 1971లో ఇంటెల్ కంపెనీ తెచ్చిన 4004 అనే చిప్‌లో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. దానికి ఫ్యానే అవసరం లేదు. ఇప్పటి ప్రాసెసర్లలో అవి వందల కోట్లు. ప్రాసెసర్ తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది.

టీవీ రిపేరు షాపులో సోల్డరింగ్ ఐరన్ చూసే ఉంటారు. అది 25 వాట్లదే, అయినా సీసాన్ని కరిగిస్తుంది. ఇంటెల్ ఐ5 12400 అనే ప్రాసెసర్ మామూలు లెక్క 65 వాట్లు, బాగా పనిచేసేటప్పుడు 117 వాట్ల దాకా పోతుంది. ఆ వేడంతా వేలి గోరంత చోట పుడుతుంది. ఎప్పటికప్పుడు బయటికి పంపకపోతే ఏమవుతుందో మీరే ఊహించండి.

వేడి బయటికి పోయే దారి

దీనికి మూడు మెట్లున్నాయి.

1. ప్రాసెసర్ నుండి కూలర్ లోహానికి (ఉష్ణ వహనం).
2. కూలర్ రేకుల నుండి గాలికి (ఉష్ణ సంవహనం).
3. వేడి గాలి డబ్బా నుండి గదిలోకి.

మోటారు సైకిల్ ఇంజను చుట్టూ అల్యూమినియం రేకులు ఎందుకుంటాయి? గాలి తగిలే వైశాల్యం పెరగడానికి. కంప్యూటర్ కూలర్ కూడా అదే సూత్రం. బండి తనే పరుగెత్తుతుంది కాబట్టి గాలి తగులుతుంది. కంప్యూటర్ కదలదు కాబట్టి ఫ్యాన్ పెట్టారు.

ఈ మూడు మెట్లలో ఏ ఒక్కటి తెగినా వేడి లోపలే ఉండిపోతుంది. ఏ మెట్టు దగ్గర తెగిందో పట్టుకోవడమే మన పని.

ఎంత వేడి మామూలు, ఎంత ప్రమాదం?

పని లేనప్పుడు 35 నుండి 50 డిగ్రీలు, ఆట ఆడేటప్పుడు 60 నుండి 80 డిగ్రీలు ఉంటే భయం లేదు. 90 దాటితే పరీక్షించాలి. ప్రతి ప్రాసెసర్‌కు కంపెనీ ఒక హద్దు పెడుతుంది. ఐ5 12400కు 100 డిగ్రీలు, ఏఎండీ రైజెన్ 5 5600కు 90, రైజెన్ 5 7600కు 95. రైజెన్ 7000 రకాలు ఎక్కువ పని పడితే 95 దాకా పోయేటట్లే తయారుచేశారు. కాబట్టి అంకె చూసి బెదరకుండా, అది ఏ ప్రాసెసరో ముందు చూడాలి.

హద్దు దాటితే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. ఇంకా పెరిగితే ఆగిపోతుంది. ఈ రక్షణ మొదటి నుండి లేదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వాళ్లు నడుస్తున్న కంప్యూటర్ల మీది కూలర్ తీసేసి పరీక్ష చేశారు. ఆనాటి ఏఎండీ అథ్లాన్ క్షణాల్లో కాలిపోయింది. పెంటియం 4 మాత్రం వేగం తగ్గించుకొని బతికింది. ఇప్పుడు అన్ని ప్రాసెసర్లలోనూ ఈ రక్షణ ఉంది. కాబట్టి ఆగిపోయిన కంప్యూటర్ చచ్చిపోయినట్టు కాదు, తనను తాను కాపాడుకున్నట్టు.

వరంగల్ ఎండను లెక్కలో వెయ్యండి

ఇది చాలామంది మరిచిపోయే సంగతి. ఫ్యాన్ గది గాలినే ఊదుతుంది. గది కంటే చల్లగా చెయ్యలేదు. ఏసీ షాపులో 24 డిగ్రీల గదిలో ఆట ఆడిస్తే 70 చూపిందనుకోండి. తేడా 70 – 24 = 46. అదే కంప్యూటర్‌ను మే నెలలో 40 డిగ్రీల గదిలో పెడితే 40 + 46 = 86. పదహారు డిగ్రీలు పెరిగింది, కానీ కంప్యూటర్‌లో ఏ తప్పూ లేదు! (ఇది సుమారు లెక్క. ఫ్యాన్ వేగం మారితే కొంచెం అటూ ఇటూ అవుతుంది.)

కాబట్టి ప్రాసెసర్ వేడి ఒక్కటే రాసుకుంటే చాలదు. గోడ మీది థర్మామీటర్ చూసి గది వేడి కూడా పక్కన రాయాలి. వైద్యుడు కూడా ఒక్క నాడి చూసి మందు రాయడు కదా.

రోగం పట్టుకునే పట్టిక

వేడి ఎంత ఉందనేదానికంటే ఎట్లా పెరిగిందనేది ముఖ్యం. స్విచ్ వేసినాక డెల్ గానీ ఎఫ్2 గానీ నొక్కితే బయోస్ వస్తుంది. అందులో వేడి కనిపిస్తుంది. (అక్కడ ప్రాసెసర్ పూర్తిగా విశ్రాంతి తీసుకోదు, కొంచెం ఎక్కువే చూపుతుంది.) విండోస్‌లో హెచ్‌డబ్ల్యూ మానిటర్ వంటి ప్రోగ్రాంతో చూడవచ్చు. గడియారం పక్కన పెట్టుకొని రాసుకోండి.

అ) పని మొదలుపెట్టిన కొన్ని సెకండ్లలోనే 95కు ఎగిరింది: మొదటి మెట్టు తెగింది. కూలర్ ప్రాసెసర్‌కు సరిగా ఆనలేదు.

ఆ) ఫ్యాన్ తిరగడం లేదు, లేదా వేడి పెరిగినా వేగం పెంచడం లేదు: రెండో మెట్టు. ఫ్యాన్ వైరు, లేదా బయోస్‌లో ఫ్యాన్ అమరిక చూడాలి.

ఇ) పది, ఇరవై నిమిషాల్లో మెల్లమెల్లగా ఎక్కింది: మూడో మెట్టు. డబ్బాలోకి గాలి రావడం లేదు, పోవడం లేదు.

ఈ) అన్నీ బాగానే ఉన్నాయి, బరువైన పనికి మాత్రమే హద్దు ముడుతున్నది: కూలర్ చిన్నది, లేదా మదర్‌బోర్డు ప్రాసెసర్‌కు ఎక్కువ కరెంటు ఇస్తున్నది. కొన్ని బోర్డులు వాట్ల హద్దు ఎత్తేసి వస్తాయి. బయోస్‌లో కంపెనీ చెప్పిన హద్దు పెడితే వేడి దిగుతుంది, వేగం మాత్రం పెద్దగా తగ్గదు.

ఇప్పుడు మందులు

ముందు జాగ్రత్త: స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, కాసేపు ఆగాలి. డబ్బా లోహాన్ని చేత్తో ముట్టుకొని ఒంట్లోని స్థిర విద్యుత్తు పోగొట్టుకోవాలి. పవర్ సప్లై పెట్టెను మాత్రం ఎప్పుడూ విప్పకూడదు. ప్లగ్గు పీకినా దాని కెపాసిటర్లలో కరెంటు నిలువ ఉంటుంది. సారు లేకుండా పెద్ద పనికి దిగవద్దు.

1. ప్లాస్టిక్ పొర. విడిగా కొన్న కూలర్ల అడుగున పలుచటి పొర అంటించి ఉంటుంది. అది తీయకుండా బిగించేవాళ్లు చాలామంది. పొర వేడిని ఆపేస్తుంది.

2. పేస్టు. లోహం ఎంత నున్నగా కనిపించినా సన్నటి గుంతలుంటాయి, వాటిలో గాలి నిలుస్తుంది. రాగి వేడిని గాలి కంటే 15,000 రెట్లు బాగా పంపుతుంది. ఆ గాలిని తోసేయడానికే పేస్టు. అది గాలి కంటే ఎంతో మేలు, రాగి కంటే ఎంతో తక్కువ. కాబట్టి ఎక్కువ పూస్తే లాభం లేదు. నడిమధ్యన బఠానీ గింజంత పెడితే చాలు, కూలర్ బరువుకు అదే పరుచుకుంటుంది. డబ్బాతో వచ్చే కూలర్లకు పేస్టు ముందే పూసి ఉంటుంది. కానీ ఒకసారి ఊడదీస్తే పాతది పూర్తిగా తుడిచి కొత్తది పెట్టాలి. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని గుడ్డ వాడాలి. కిరోసిన్ వద్దు.

3. నాలుగు కాళ్లు. ఇంటెల్ డబ్బాతో వచ్చే కూలర్‌కు నాలుగు నొక్కుడు కాళ్లుంటాయి. మంచం నులక బిగించినట్టు ఎదురెదురు మూలలు నొక్కాలి. ఒకే పక్క ముందు నొక్కితే రెండో పక్క లేస్తుంది. బోర్డు వెనుక నుండి చూస్తే నాలుగూ ఒకే తీరుగా బయటికి రావాలి. మరల కూలరైనా ఇదే వరుస, కొంచెం కొంచెంగా బిగించాలి.

4. ఊడదీసేటప్పుడు. పాత ఏఎండీ రకాల్లో (ఏఎం4) ప్రాసెసర్‌కే సూదుల్లాంటి పిన్నులుంటాయి. కూలర్‌ను ఒక్కసారి పైకి లాగితే ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. వంగిన పిన్నులకు వారంటీ ఇవ్వరు. కంప్యూటర్‌ను కాసేపు నడిపి, పేస్టు మెత్తబడ్డాక ఆపి, అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి.

5. ఫ్యాన్ వైరు. బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోటే పెట్టాలి. నీళ్ల కూలరైతే దాని పంపు వైరు కూడా చూడాలి. పంపు తిరగకపోతే ఫ్యాన్లు ఎన్ని తిరిగినా దండగ.

6. గాలి దారి. ముందు నుండి చల్లగాలి లోపలికి, వెనుక నుండి వేడిగాలి బయటికి. ఇంటికి కిటికీ, దర్వాజ ఉన్నట్టే. ఫ్యాన్ ముందు పలుచటి కాగితం ముక్క పట్టుకుంటే గాలి పీలుస్తున్నదో ఊదుతున్నదో తెలుస్తుంది. అనుమానముంటే పక్క మూత తీసి ఆట ఆడించండి, లోపల మాత్రం చెయ్యి పెట్టవద్దు. వేడి ఐదు, పది డిగ్రీలు దిగిందా? అయితే తప్పు గాలి దారిదే.

ఒక ఉదాహరణ

మన వరంగల్ నుండి చాలామంది సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి సామాను తెచ్చుకుంటారు. అక్కడే బిగించి తెస్తే సుమారు 140 కిలోమీటర్లు బస్సు డిక్కీలో కుదుపులు. బరువైన కూలర్ ఒక మూల వదులైతే చాలు, షాపులో 65 చూపిన కంప్యూటర్ ఇంట్లో 98 చూపుతుంది. పట్టికలో చూడండి: సెకండ్లలో ఎగిరితే "అ" రకం. కూలర్ ఊడదీసి, తుడిచి, పేస్టు పెట్టి, మూలలు సరిగా బిగిస్తే సరిపోతుంది. ఖర్చు పేస్టు ట్యూబుదే. పట్టిక తెలియకపోతే పదిహేను వేల ప్రాసెసర్!

మన కంప్యూటర్ గదికి

వార్డెన్ సార్లకు మనవి. మన గదిలో ఆటల కంప్యూటర్లు లేవు, కానీ ఎండ అందరికీ ఒక్కటే. డబ్బాలను గోడకు జానెడు దూరంలో పెట్టించాలి. నడుస్తున్నప్పుడు మీద గుడ్డ కప్పరాదు. ఎయిర్ కూలర్ తుంపర వాటి మీద పడరాదు. సెలవుల తర్వాత బడి తెరవగానే దుమ్ము దులిపించాలి. దులిపేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి, ఊరికే గిరగిర తిప్పకూడదు. ఈ పనికి సైన్సు క్లబ్బు పిల్లలం మేము సిద్ధం.

మీకు ప్రశ్నలు

1. 25 డిగ్రీల గదిలో 68 చూపిన ప్రాసెసర్ 39 డిగ్రీల గదిలో సుమారు ఎంత చూపుతుంది?
2. పేస్టు మందంగా పూస్తే ఎందుకు నష్టం?
3. మూత తీస్తే వేడి ఏమాత్రం తగ్గలేదు. పట్టికలో ఏ రకాన్ని కొట్టివేయవచ్చు?

జవాబులు కాగితం మీద రాసి, పేరు, తరగతి వేసి బోర్డు పక్కనున్న డబ్బాలో వెయ్యండి. సరైన జవాబులు వచ్చే సంచికలో.

గుర్తుంచుకోండి: ముందు కొలవాలి, తర్వాత కారణం వెతకాలి, ఆ తర్వాతే పైసలు తీయాలి.