కరిగించడం వేరు, ఉడకబెట్టడం వేరు

మాది సిరొంచ. చెన్నైలో తోళ్ల మీద పరిశోధన జరిగే చోట ల్యాబు పని చేసి, రిటైరయ్యాక చామోర్షిలో కూతురి దగ్గర ఉంటున్నాను. బీఎస్సీ చదివిన ఇక్కడి పిల్లలు కొందరు ఫోన్లలో కొలాజెన్ పౌడర్ యాడ్లు చూసి నా దగ్గరికొస్తున్నారు. "తాతా, వైన్‌గంగ చేపల తోలు, పొలుసు ఊరికే పారేస్తున్నం గదా, దాంతోటి కొలాజెన్ తియ్యరాదా?" అంటారు. తియ్యొచ్చు. అయితే అందులో దిగేముందు వినాల్సిన సంగతులు కొన్నున్నాయి. అప్పుడొకటి ఇప్పుడొకటి చెప్పినవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

1. ముందు ఏ సరుకు కావాలో తేల్చుకోండి.

ఒకే చేప తోలు నుంచి మూడు రకాల సరుకు వస్తుంది. నీళ్లలో ఉడికిస్తే జెలటిన్. వడ్రంగులు వాడే సరస్ కూడా ఆ వంశమే, కాకపోతే మోటు రకం. ఆ జెలటిన్‌ను ఎంజైముతో బాగా నరికితే పెప్టైడ్లు. యాడ్లలో డబ్బాల్లో కనబడేది ఇదే. మూడోది, చలిలో, పులుపులో, కొద్దిపాటి ఎంజైముతో, ఆకారం చెడకుండా నీళ్లలోకి దించిన కొలాజెన్. కాలిన గాయం మీద వేసే పొరకూ, ల్యాబుల్లో కణాలు పెంచే పళ్లేలకూ కావలసింది ఈ మూడోది. మూడింటి ధరా వేరు, కొనేవాళ్లూ వేరు. నా దగ్గరికొచ్చే పిల్లలు మొదటిది వండుతూ, రెండోదాని యాడ్ చూపిస్తూ, మూడోదాని ధర అడుగుతారు.

2. అణువు ఆకారం కళ్లకు కట్టనిదే ఈ పని చేతికి రాదు.

కొలాజెన్ అంటే తోలులో ఉండే మాంసకృత్తి, మూడు పురులు పేనిన తాడు. ఒక్కో పురిలో దాదాపు వెయ్యి అమైనో ఆమ్లాలు. ప్రతి మూడోదీ గ్లైసిన్. అన్నిట్లోకీ చిన్నది అదే కాబట్టి తాడు లోపలి ఇరుకులో అదొక్కటే పడుతుంది. మొత్తం పొడవు 300 నానోమీటర్లు, మందం ఒకటిన్నర. ఈ మూడు పురుల సంగతిని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 'నేచర్' పత్రికలో ప్రకటించారు. అందుకు వాడిన కంగారూ తోక నరం పక్కనే ఉన్న కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థ నుంచి వచ్చింది. నరం ఇచ్చినవాళ్ల పేరు ఎవరికి గుర్తుంటుంది!

1958 నుంచి 1971 దాకా ఆ సంస్థకు డైరెక్టరుగా ఉన్నది మన తెనాలి దగ్గరి యలవర్రు మనిషి, యలవర్తి నాయుడమ్మ. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం పేలుడులో పోయారు. తోలు పనంటే ముక్కు మూసుకునే దేశంలో ఆ పనికి ప్రయోగశాల గౌరవం తెచ్చిన మనిషి. చేప తోలు ముట్టుకోవడానికి మొహమాటపడే పిల్లలకు నేను ముందు ఆయన సంగతి చెబుతాను.

3. పెప్సిన్ కొసలు కొరుకుతుంది, నడుమ జోలికి పోదు.

ఆ తాడుకు రెండు కొసల్లోనూ పురి ఎక్కని చిన్న ముక్కలుంటాయి. పక్క తాళ్లతో గట్టి ముడులు పడేది అక్కడే. జంతువు వయసు ముదిరేకొద్దీ ఆ ముడులూ బిగుస్తాయి. లేత తోలు ఉత్త పులుపులోనే కొంత కరుగుతుంది, ముదురు తోలు మొండికేస్తుంది. అక్కడికి పెప్సిన్ అనే ఎంజైము వస్తే కొసలు తెగిపోతాయి, ముడులు వదులుతాయి, నడుమ పురి మాత్రం చెక్కుచెదరదు. పురి బిగువుగా ఉన్నంతసేపు పెప్సిన్ పంటికి అది దొరకదు. జపాన్‌లో నిషిహారా అనే ఆయన ఈ కిటుకుకు 1962లో అమెరికా పేటెంటు తీసుకున్నారు. ఒంటికి పడకపోవడానికి ఎక్కువగా కారణమయ్యేవీ ఆ కొసలే కనక, అవి పోయిన కొలాజెన్ వైద్యానికి మరింత అనువుగా ఉంటుంది. ఒకే కోతతో రెండు పనులు.

పేరు చూసి కొలాజినేజ్ తెప్పించుకోకండి. అది నడుమ పురినే తెంపే ఎంజైము. కప్పపిల్ల కప్పగా మారేటప్పుడు తోక కరిగిపోయేది దానివల్లే. గ్రాస్, లాపియేర్ అనే ఇద్దరు 1962లో దాన్ని పట్టుకున్నారు. కొలాజెన్‌ను ముక్కలు చేయడానికి అది బాగుంటుంది, కాపాడుకోవడానికి పనికిరాదు.

4. ఈ ధంధాలో అసలు పెట్టుబడి చలి.

ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే చామోర్షిలో ఈ పని నిలిచేదీ కూలేదీ ఇక్కడే.

తోలులో ఉన్నంతకాలం పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని వేడికి ఓర్చుకుంటాయి. కరిగి ఒంటరైన అణువుకు ఆ ఆసరా ఉండదు. పశువుల కొలాజెన్ అయితే కరిగాక 39, 40 డిగ్రీల దగ్గర పురి విప్పేస్తుంది. మన రవ్వ, బొచ్చె 35, 36 దగ్గరే. మంచు సముద్రాల కాడ్ చేపదైతే 15 డిగ్రీలకే చేతులెత్తేస్తుంది. చేప బతికే నీళ్లు ఎంత చల్లనైతే దాని కొలాజెన్‌లో హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆమ్లం అంత తక్కువ, పురి అంత బలహీనం. మన చేపలు వెచ్చటి నీళ్లలో పుట్టాయి కాబట్టి మనకు కొంత వెసులుబాటుంది. కానీ మే నెలలో గడ్చిరోలి జిల్లా 45 దాటుతుంది. ఇంటి మీది ట్యాంకు నీళ్లు చేయి పెట్టనివ్వవు.

పురి విప్పుకుంటే పోయేది ఆకారమొక్కటే కాదు. అదే గిన్నెలో పెప్సిన్ కాచుకుని ఉంటుంది. బిగువు పోయిన పురి దానికి మెత్తటి మేత. కొసలు కొరికినదే ఇప్పుడు నడుమ కూడా నమిలేస్తుంది. మీరు కొలాజెన్ అనుకుని పోసుకునేది పెప్టైడ్ల నీళ్లు. అందుకే 4 డిగ్రీల దగ్గర, ఒకటి రెండు రోజులు, నెమ్మదిగా కలుపుతూ చేస్తారు. ఆ చలిలో పెప్సిన్ కూడా బద్ధకంగానే కదులుతుంది, ఒప్పుకుంటాను. కానీ దానికి హద్దు గీసేది ఆ చలే. తొందరపడి వెచ్చబెడితే పని జరిగినట్టే ఉంటుంది, సరుకు మాత్రం మిగలదు.

ఒకచోట చూశాను. శనివారం రాత్రి కరెంటు పోయింది, జనరేటరు డీజిల్ లేక ఆగింది, సోమవారం తలుపు తీసేసరికి చల్లగది గోడలు చెమటలు కారుతున్నాయి. బకెట్లలో శనివారం దాకా గరిటెకు సాగిన చిక్కటి ద్రావణం నీళ్లలా జారింది. పైకి రంగు మారలేదు, వాసన రాలేదు. చూపుకు సరుకు బాగానే ఉంది. ఈ పనిలో చెడటం ముక్కుకు తెలియదు, గరిటెకే తెలుస్తుంది.

5. తోలు శుభ్రం చేయడంలో ఓపిక చూపండి.

మాంసం గీకి, పొలుసు తీసి, అర సెంటీమీటరు ముక్కలు చేయండి. లీటరు నీళ్లకు 4 గ్రాముల కాస్టిక్ సోడా వేసిన చల్లటి నీళ్లలో, తోలుకు పదింతలు పోసి, మధ్యమధ్య మారుస్తూ నానబెట్టాలి. కొలాజెన్ కాని మాంసకృత్తులూ, నల్లరంగూ దిగిపోతాయి. తర్వాత కడగడం, కడగడం, కడగడం. కొవ్వు ఎక్కువున్న తోలైతే 10 శాతం బ్యూటైల్ ఆల్కహాల్‌లో ఒక ముంచు. పొలుసుకు ఇంకో మెట్టు ఉంది, లోపలి సున్నాన్ని ముందే తియ్యాలి. లేకపోతే తర్వాత వేసే పులుపంతా దానికే సరిపోతుంది.

6. పులుపు, పెప్సిన్, ఉప్పు: ఇక్కడ చూపు తిప్పకండి.

తోలు ముక్కల్ని అసిటిక్ ఆమ్లంలో వేస్తారు, లీటరుకు 30 గ్రాములు. వంటింటి వెనిగర్ ఇంతకన్నా ఘాటు, నమ్మండి. పెప్సిన్ పనిచేసేది ఇలాంటి పులుపులోనే. తోలు తడి బరువులో వందో వంతు చుట్టుపక్కల పెప్సిన్ పడుతుంది. కొన్ని గంటలకే ముక్కలు ఉబ్బుతాయి, అంచులు గాజులా కనబడతాయి, మర్నాటికి ముక్కకూ నీళ్లకూ మధ్య గీత చెరిగిపోతుంది. కలిపే కర్ర బరువెక్కుతుంది. బట్టలో వడకట్టి, కరగని తుక్కు తీసేసి, ఆ ద్రావణంలో ఉప్పు కొద్దికొద్దిగా జల్లాలి. లీటరుకు 50 గ్రాములు దగ్గరపడుతుండగా అంతదాకా ఏమీ లేనట్టున్న నీళ్లలో తెల్లటి పోగులు పుట్టుకొస్తాయి. కర్రకు చుట్టుకుంటాయి. నేను ఎన్నిసార్లు చూసినా ఆ క్షణంలో పక్కవాళ్లను పిలిచేవాణ్ని.

తీసిన పోగుల్ని మళ్లీ పులుపులో కరిగించి, ఉప్పు పోయేదాకా పలుచటి పొరసంచిలో నీళ్లు మారుస్తూ ఉంచి, గడ్డకట్టించి ఆరబెడితే తెల్లటి తేలికపాటి సరుకు మిగులుతుంది. పెప్సిన్‌ను ఆపాలంటే మధ్యలో ఒకసారి పులుపు విరిచి క్షారం వైపు తీసుకెళ్తారు. అక్కడితో దాని పని ఖతం. పులుపు విరిగినచోట కొలాజెన్ కూడా తిరిగి పోగులు కడదామని చూస్తుంది, కనక ఆ పనీ చలిలోనే.

7. పెప్సిన్ ఎక్కడిదో అడగండి.

బజారులో దొరికే పెప్సిన్ ఎక్కువగా పంది కడుపు పొర నుంచి తీసింది. కొనేవాళ్లలో కొందరికి అది కుదరదు, ముందే చెప్పడం మర్యాద. బొప్పాయి పాలలోని పపైన్‌తో ఆ బెడద లేదు, కానీ దాన్ని పెప్టైడ్లు చేయడానికే ఎక్కువగా వాడతారు. పశువుల తోలు సంగతికొస్తే, 2015 నుంచి మహారాష్ట్రలో ఎద్దుల వధ కూడా నిషేధం. ఇక్కడ చేపే దిక్కు.

తోలు పనికి ఎంజైము కొత్తదనుకోకండి. తోలు మెత్తబడటానికి పావురాల రెట్ట, కుక్కల పెంట నీళ్లలో నానబెట్టేవాళ్లు. అందులో పనిచేసేది ఎంజైములేనని ఊహించి, 1907లో జర్మనీలో ఓటో రోమ్ ఆ పెంట బదులు జంతువుల క్లోమరసాన్ని పెట్టాడు. అంతకుముందు ఆ తొట్ల పక్కన నిలబడ్డ కూలీల ముక్కులకు ఎవరూ దండం పెట్టలేదు.

8. తాగే పొడి గురించి అడిగితే ఇంతే చెబుతాను.

మీ కడుపులోనే పెప్సిన్ ఉంది, ఆమ్లం ఉంది, 37 డిగ్రీల వేడి ఉంది. ఆకారం చెడని కొలాజెన్ తాగినా అక్కడ ఆకారం మిగలదు. పెప్టైడ్లు తాగితే చర్మం తడి కొంత పెరిగిందన్న అధ్యయనాలు ఉన్నాయి, వాటిలో చాలావాటికి కంపెనీల డబ్బుంది. డబ్బా మీద 'శుద్ధ కొలాజెన్' అని రాసి ఉంటే లోపల ఉన్నది ఏదో మొదటి పాఠం చదివి చెప్పుకోండి.

9. గరిటె పరీక్ష రోజూ చేయండి.

కొలాజెన్ పురితో ఉందా లేదా అని పెద్ద ల్యాబులు యంత్రాలతో చూస్తాయి. మీ దగ్గర అవి లేకపోయినా, చల్లటి ద్రావణం ఒక గాజు గొట్టంలో పోసి ఎంతసేపటికి జారుతుందో చూడండి. దాన్ని 45 డిగ్రీల నీళ్లలో పెట్టి తీసి మళ్లీ చల్లార్చి చూడండి. మొదట చిక్కగా ఉండి, వేడి తర్వాత పలుచబడి, వెంటనే పాత చిక్కదనం రాకపోతే, వేడికి ముందు పురి ఉన్నట్టే. మొదటి నుంచే పలుచగా ఉంటే సరుకు ఎప్పుడో పోయింది.

10. చామోర్షికి నా సలహా.

చాప్రాళ దగ్గర వైన్‌గంగ వర్ధాను కలుపుకుని ప్రాణహితగా మా సిరొంచ వైపు సాగుతుంది. ఆ దారి పొడుగునా ధీవర్లూ బెస్తలూ వలలేస్తారు, మాల్గుజారి చెరువుల్లో సొసైటీలు చేపలు పెంచుతాయి. ముడిసరుకుకు కొరత లేదు. కొరతంతా చల్లగదికీ, పోని కరెంటుకూ. కాబట్టి ముందే పెప్సిన్ కొలాజెన్ అనకండి, అది చల్లగది ఉన్న చోట తయారు కానివ్వండి. మీరు మొదట ముడిసరుకు బాగా చేయండి. చేప కోసిన గంటలోపే తోలు, పొలుసు మంచులోకి వెళ్లాలి. మంచు లేని చోట ఉప్పు పట్టించాలి, పొలుసైతే కడిగి నీడన ఆరబెట్టాలి. ఎండలో కాదు. చేప వ్యర్థాల నుంచి పెప్టైడ్లు తీసే పద్ధతులు కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ దగ్గర ఉన్నాయి. కొచ్చి దూరమనుకుంటే విశాఖపట్నంలోనూ దాని కేంద్రం ఉంది, అక్కడ తెలుగులోనే మాట్లాడొచ్చు. వెళ్లేటప్పుడు నమూనా సంచుల మీద చేప పేరు, కోసిన తేదీ, ఉప్పు పట్టించిన తేదీ రాయండి. రవ్వ తోలూ వాలుగ తోలూ ఒకే సంచిలో కుక్కితే కొనేవాడు రెండింటికీ తక్కువ ధరే కడతాడు.